మామ్మ రుచి చూడని బహులు

పిన్ని ఊరికే వచ్చిందంటే నేను నమ్మలేదు. డిసెంబరు వాన కుండపోతగా పడుతోంది. క్లాంగ్‌లో మా వీధి చివర మోరీ పొంగి నీళ్ళు గేటు దాకా వచ్చాయి. ఆ నీళ్ళలో చెప్పులు చేత్తో పట్టుకుని, చీర పిక్కల దాకా ఎత్తి కట్టుకుని, మా చిన్నాన్న భార్య నూకాలు పిన్ని నిలబడి ఉంది. కౌలాలంపూర్ నుంచి కమ్యూటర్ రైలెక్కి, స్టేషను నుంచి నడిచి వచ్చిందట. ఎనభై దాటిన మనిషి. "ఏటి పిన్నీ, ఫోనైనా సెయ్యకుండా?" అన్నాను. "సుమ్మా వచ్చినాను లా," అంది. ఊరికే అనడానికి తమిళ మాట, చివర తగిలించిన లా మలాయి వాళ్ళది. మా వంశంలో ఎవరూ ఎవరింటికీ సుమ్మా వెళ్ళరు. పైగా నేను ఉద్యోగం చేసినంత కాలం రబ్బరు గ్లవ్‌ల ఫ్యాక్టరీలో గాలి ఊది, నీళ్ళలో ముంచి, కంటికి కనబడని చిల్లి ఎక్కడుందో పట్టుకున్నదాన్ని. రిటైరయ్యాక గ్లవ్‌లు పోయాయి కానీ చిల్లి వెతికే అలవాటు పోలేదు. అప్పు అడుగుతుందా, కొడుకుతో పడక మా ఇంట్లో ఉంటానంటుందా, లేక పాత తగువు తవ్వడానికి వచ్చిందా అని తువ్వాలు అందిస్తూనే లెక్కలు వేశాను.

ఆవిడ తల తుడుచుకోకుండానే సంచిలోంచి ఒక బరువైన మూట తీసి బల్ల మీద పెట్టింది. తమిళ పేపరు విప్పితే లోపల మామ్మ ఇత్తడి అచ్చు. నేను అచ్చు వైపు చూడలేదు, పిన్ని మొహం వైపు చూశాను. ఎందుకంటే మా ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకీ అక్షరాలు రాకముందే తెలిసిన సంగతి ఒకటుంది: నూకాలు వేరు కాపురానికి వెళ్ళిన రోజున అత్తగారి బహులు కేకుల అచ్చు ఎత్తుకుపోయింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు అని మా అమ్మ ఆ సామెత పిన్ని పేరు మీద ఎన్నిసార్లు వాడిందో చెప్పలేను. దొంగసొమ్ము ఇన్నాళ్ళకు నడిచి ఇంటికొస్తే ఎవరికైనా అనుమానమే కదా. నేను దాన్ని ముట్టుకోలేదు. "టీ తాగుతావా?" అని మాత్రం అడిగాను.

టీ మరిగేలోపు నా మనసు సుంగై సిపుట్ దగ్గర మేం పెరిగిన తోటకు వెళ్ళిపోయింది. మాకు చలికాలం అంటే వానాకాలమే. సంవత్సరం చివర కొండల మీంచి మబ్బు దిగి రబ్బరు తోట మీద కూర్చునేది. పొద్దున్నే వాన పడితే చెట్లకు గాటు పెట్టరు, పెడితే పాలు నీళ్ళలో కొట్టుకుపోతాయి. పని లేదు, ఆ రోజు కూలీ లేదు. మగవాళ్ళు అరుగు మీద ముడుచుకుని బీడీలు కాల్చేవారు. ఆడవాళ్ళు వంటింట్లో పొయ్యి చుట్టూ చేరేవారు. తోట కూలీల లైను ఇళ్ళ రేకుల మీద వాన చప్పుడుకు మాట వినబడేది కాదు. సరిగ్గా అలాంటి రోజునే మా మామ్మ పైడమ్మకు బహులు చెయ్యాలని బుద్ధి పుట్టేది. బహులు అంటే కోడిగుడ్డు, పంచదార, మైదా తప్ప మరేమీ పడని చిన్న కేకు. మలాయి వాళ్ళ పండగ తిండి. పక్క కంపంలో, అంటే మలాయి పల్లెలో, ఒకావిడ దగ్గర నేర్చుకుని మామ్మ దాన్ని మా వానకు అలవాటు చేసింది. చేపల, పువ్వుల ఆకారంలో గుంటలున్న ఇత్తడి అచ్చు, దాని మీద ఇనప మూత. అచ్చు కింద కొబ్బరి పీచు నిప్పు, మూత మీద మరి కాస్త ఎక్కువ నిప్పు. ఆ పొగ వాసనా, గుడ్డు వాసనా, చక్కెర మాడే వాసనా కలిసి తడి బట్టల్లోకి ఎక్కితే రెండు రోజులు పోయేది కాదు. ఆ బట్టలు కప్పుకుని పడుకుంటే చలి ఉండేది కాదు.

మామ్మకు ఈ లోకంలో ఎవరి మీదా నమ్మకం లేదు, మైదా మీద అసలే లేదు. వానలకు పిండి చెమ్మ తాగుతుందని దాన్ని కమ్మటి వాసన వేసే పాండన్ ఆకులతో మూకుట్లో వేసి, ఆకు గలగలలాడే దాకా వేయించేది. కొట్టువాడు పంచదారలో ఏదో కలిపాడని వేలితో తీసి కళ్ళ దగ్గర పెట్టుకుని చూసేది. కోళ్ళను కూడా అనుమానించేది. ఎర్రపెట్ట మన మేత తిని పక్కింటి పెరట్లో గుడ్డు పెడుతోందని దాని వెనకాలే తిరిగేది. స్ప్రింగు లాంటి తీగ చుట్టిన గిలక్కాడతో గుడ్లూ పంచదారా కొట్టడం మొదలుపెడితే ఒకే వైపు తిప్పాలి, చెయ్యి మారకూడదు, ఎవరూ నోరెత్తకూడదు. పొంగిందా అని అడగకూడదు, చాలా బాగా పొంగింది అని అసలే అనకూడదు. అంటే నురగ కూలిపోతుందని ఆవిడ గట్టి నమ్మకం. గుమ్మంలో ఎవరైనా వచ్చి నిలబడితే గిన్నెకు వీపు అడ్డం పెట్టేది. అయినా నురగ కూలిన రోజులున్నాయి. అప్పుడు వాన వెలిసే దాకా ఇంట్లో విచారణ జరిగేది: ఎవరు చూశారు, ఎవరు లోపల అనుకున్నారు. ఒకసారి మా నాన్న తుమ్మినందుకు వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. తల్లీ కొడుకులు నా ద్వారా కబురంపుకునేవారు, ఒకే గదిలో కూర్చుని.

ఇంత చేసీ మామ్మ ఆ బహులు ఏనాడూ తినలేదు. మా చిన్నాన్న అప్పలరాజు పసివాడుగా ఉన్నప్పుడు జ్వరం తగిలి కళ్ళు తేలేశాడట. మామ్మ ఎప్పుడూ చూడని సింహాద్రి అప్పన్నకు, వాళ్ళమ్మ చెప్పగా విన్న దేవుడికి, అక్కణ్ణుంచే చేతులెత్తి మొక్కింది: బిడ్డ బతికితే బతికున్నంత కాలం నీసు ముట్టను, గుడ్డుతో సహా. బిడ్డ బతికాడు. మామ్మ మాట మీద నిలబడింది. కానీ మొక్కుకు ముందు ఆవిడకు గుడ్డంటే ప్రాణమట. అలాంటి మనిషి తను కాల్చింది తనే రుచి చూడలేక, చూసినవాళ్ళ మాట నమ్మలేక నలిగిపోయేది. ఈనెపుల్లతో మొదటి చేపను అచ్చులోంచి లేపి మా చేతిలో పెట్టి మా మొహాల మీద కళ్ళు పెట్టేది. బాగుందంటే, "మొకమాటానికి అన్నావు," అనేది. ఇంకోటి కావాలంటే, "తిండిపోతువి, నీకేటి తెలుస్తాది," అనేది. మాట్లాడకుండా తింటే ఏదో దాస్తున్నామని పట్టుకునేది. చివరకు మేం నములుతుంటే మా గొంతు ఎలా కదులుతోందో చూసేది. నాకు ఆ వయసులో బహులు రుచి కంటే మామ్మ చూపే ఎక్కువ గుర్తు. వేడి చేపను నోట్లో పెట్టుకోగానే పైపొర కరకరలాడి లోపల దూది ఉండేది. అది తెలిసేలోపు ఆ చూపు గొంతులో అడ్డం పడేది.

ఆ ఇంటికి నూకాలు పిన్ని కోడలుగా వచ్చింది. వాళ్ళ నాన్న వేరే తోటలో గుమాస్తా. ఆ అమ్మాయి మాటలో సగం తమిళం. నవ్వితే పళ్ళన్నీ కనిపించేవి, అది మామ్మకు మొదటి తప్పు. మొదటిసారి బహులు చేతికిస్తే తిని, "గొంతు పట్టేస్తున్నాది అత్తా, నిప్పు ఎక్కువైనాది," అంది. మా అమ్మ పైట నోట్లో కుక్కుకుంది. ఆ ఇంట్లో అలాంటి మాట అన్నవాళ్ళు లేరు. మామ్మ తర్వాతి వాయికి మూత మీది నిప్పు తగ్గించింది, నేను చూశాను. ఆ తర్వాత ప్రతి వానకూ పిన్నికే మొదటి ముక్క ఇచ్చేది. ఆవిడ చెప్పింది వినేది, విన్నాక మా అమ్మతో, "నా పేరు సెడగొట్టడానికే అంటన్నాది, నాకు తెలవదేటి," అనేది. అడక్కపోతే ఉండలేదు, చెబితే నమ్మలేదు. చిన్నాన్నకు కౌలాలంపూర్‌లో ఫ్యాక్టరీ పని దొరికి, ఇద్దరూ వెళ్ళిపోతామన్నప్పుడు ఇక అనుమానం పెనుభూతమైంది. కొడుకు మనసు విరిచింది, మందు పెట్టింది, ఏదో చేసింది. ఇల్లంతా అదే గుసగుస. మా అమ్మ ఉప్పు డబ్బా కూడా పిన్నికి అందకుండా పై అరలోకి మార్చింది.

వాళ్ళు బయల్దేరే ముందటి వారం సంగతి ఒకటి నాకు బాగా గుర్తుంది. ఆ మధ్యాహ్నం మామ్మ బహులు కాల్చింది. సాయంత్రం చిన్నాన్న ఎర్రమట్టి దారిలో మోటార్‌సైకిలు మీంచి జారిపడి, మోకాలు చెక్కుకుపోయి, రక్తం కారుతూ ఇంటికొచ్చాడు. పెద్ద దెబ్బేం కాదు. మామూలుగా అయితే మామ్మ తిట్లూ పసుపూ కలిపి రాసేది. ఆ రోజు కొడుకు దగ్గరకే రాలేదు. వాకిట్లో రక్తం చూసి, గోడ పట్టుకుని, పెరట్లోకి వెళ్ళి వానలో నిలబడింది. పిన్ని వెళ్ళి గొడుగు పట్టింది. ఇద్దరూ చాలాసేపు అక్కడే ఉన్నారు. కోడలు మీద కోపంతో తడుస్తోందని అమ్మ అంది. నేనూ అదే అనుకున్నాను.

లారీలో సామాను ఎక్కించి వాళ్ళు వెళ్ళిపోయిన పొద్దున్నే అమ్మ అటక మీద చెయ్యి పెడితే అచ్చు లేదు. అమ్మ లైను లైనంతా వినబడేలా గోల పెట్టింది. నాన్న సైకిలు మీద లారీ వెనకాల వెళ్ళబోయాడు. మామ్మ చేటలో బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా, "పోతే పోనాది. ఎల్లకండి," అంది. అంతే. ఒక్క గుడ్డు కోసం పక్కింటివాళ్ళతో పంచాయితీ పెట్టిన మనిషి, కొడుకు తుమ్మాడని వారం మాట్లాడని మనిషి, తన ప్రాణం లాంటి అచ్చు పోతే రెండు మాటలతో ఊరుకుంది. కొడుకు కాపురం పాడవుతుందని కడుపులో పెట్టుకుందని పెద్దవాళ్ళు మెచ్చుకున్నారు. నాకు మాత్రం అది ఎప్పుడూ అతకలేదు. ఎక్కడో గాలి పోతోందని తెలుస్తుంది, చిల్లి కనబడదు, అలాగే ఉండిపోయింది. తర్వాత మామ్మ బహులు మళ్ళీ చెయ్యలేదు. ఎవరో వేరే అచ్చు కొనిస్తామంటే కసిరింది. వానలు వచ్చినా మా వంటింట్లో ఆ వాసన లేదు. మామ్మ పోయిన రోజున పిన్ని వస్తే, ఏడుస్తున్న అమ్మే లేచి వెళ్ళి గదికి తాళం వేసి వచ్చింది. నా పెళ్ళిలో పిన్ని వంటశాల వైపు వెళ్ళినప్పుడల్లా ఎవరో ఒకరు వెనకాల వెళ్ళారు. ఆవిడకు తెలుసు. తెలిసీ ప్రతి శుభానికీ అశుభానికీ వచ్చేది, వచ్చి ఒక మూల కూర్చునేది.

ఇప్పుడు బహులు సూపర్‌మార్కెట్‌లో ప్లాస్టిక్ డబ్బాల్లో దొరుకుతాయి. అన్నీ ఒకే ఎత్తు, ఒకే రంగు. డబ్బా తిప్పి ఎప్పుడు చేశారో, ఏం వేశారో చదివి గానీ నేను కొనను. కొన్నాక అది కూడా నమ్మను. మా మనవలు గ్యాసు ఓవెన్‌లో ఏవేవో కాలుస్తారు. చుట్టూ చేరి పొంగిందా పొంగిందా అని అరుస్తారు, ఫోటోలు తీస్తారు, అవి పొంగుతాయి కూడా. ఎవరి కంటికీ కూలవు. అది చూస్తే నాకు కొంచెం కోపం వస్తుంది. అంత భయమూ అంత కాపలా దేనికి పడ్డాం అనిపిస్తుంది. కానీ వాళ్ళు తినేటప్పుడు ఎవరూ వాళ్ళ మొహం చూడరు. సగం కొరికి ఫోన్ చూసుకుంటారు. మేం తిన్న ప్రతి ముక్కా ఒక మనిషికి కావలసిన జవాబు. ఏది మేలో నేను తేల్చుకోలేకపోయాను.

టీ గ్లాసు పిన్ని ముందు పెట్టి ఎదురుగా కూర్చున్నాను. చిన్నాన్న పోయి ఏడాది. సంవత్సరీకం కిందటి నెలే అయింది, నేను వెళ్ళి వచ్చాను. అప్పుడు లేని పని ఇప్పుడేమిటి? అదే అడిగాను, కాస్త గట్టిగానే.

"అప్పుడు సుట్టూ జనం ఉన్నారు గదే పారోతీ," అంది. "ఇది మీ మామ్మది. నీకిచ్చేద్దామని వచ్చినాను."

"ఇన్నాళ్ళు గుర్తు రాలేదా?"

"ఇన్నాళ్ళు ఇవ్వడానికి నేదు. మీ సిన్నాన్న ఉన్నారు గదా."

నాకేం అర్థం కాలేదు. ఆవిడ టీ ఊదుకుంటూ, వాన గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది. చిన్నాన్న బండి జారిన రోజు మధ్యాహ్నం మేమందరం నిద్రపోతుంటే పిన్ని నీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళిందట. మామ్మ పొయ్యి వెనకాల నేల మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, చేప బహులు తింటోందట. కళ్ళు తెరిచి కోడల్ని చూసింది. పిన్ని నీళ్ళు ముంచుకుని వెనక్కి వచ్చేసిందట. సాయంత్రానికి చిన్నాన్న రక్తం కారుతూ వచ్చాడు.

"పెరట్లో నా కాళ్ళట్టుకోబోనాది. అత్త కోడలి కాళ్ళు అట్టుకోవడం సూసినావేటి నువ్వు? నా నోరే నా కొడుకుని తినేస్తాదే అన్నాది. ఆ అచ్చు ఇంట్లో ఉంటే మల్లీ తింటాను, నావల్ల కాదు, నువ్వట్టుకుపో అన్నాది. బయల్దేరే రోజు తనే నా బట్టల మూటలో కుక్కినాది. ఎవులికీ సెప్పకు, నేనిచ్చినానంటే ఎందుకిచ్చినావంటారు, అప్పుడు మొక్కు తప్పినానని సెప్పాలి అన్నాది. సెరే అన్నాను."

"దొంగ అన్నాం పిన్నీ నిన్ను."

"అన్నారు."

"నువ్వు ఆ మొక్కు నమ్మావా?"

"నమ్మినానో నేదో నాకే తెలవదు. పరీచ్చ పెట్టి సూడ్డానికి నాకున్నది ఒక్క మొగుడే గదా లా."

నేను నా అలవాటు ప్రకారం ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూశాను. సాక్షి లేదు. మామ్మ లేదు, చిన్నాన్న లేడు. ఎనభై ఏళ్ళ ఆవిడ తన పేరు కడుక్కోవడానికి ఎన్నయినా అల్లగలదు. కానీ వానలో గొడుగు కింద ఆ ఇద్దరూ, చేటలో బియ్యం ఏరుతూ తల ఎత్తని మామ్మ, పోతే పోనాది అన్న ఆ గొంతు, ఏదీ ఇక అతక్కుండా మిగల్లేదు. నా జీవితంలో మొదటిసారి ఒక మనిషి చెప్పింది సాక్షి లేకుండా నమ్మాను. నమ్మగానే సిగ్గేసింది, సిగ్గు కంటే ముందు కోపం వచ్చింది, పిన్ని మీదే. "చిన్నాన్నతో అయినా చెప్పి ఉండాల్సింది," అన్నాను.

"ఆయనకే సెప్పకూడదు. ఆల్లమ్మ తిన్నాదని తెలిస్తే బండి ఎక్కినప్పుడల్లా అదే గుర్తొస్తాది." గ్లాసు కింద పెట్టింది. "మూట ఇప్పినప్పుడు ఆయన సూసినారు. అడగనేదు. మంచి మనిసి, తిట్టనేదు, ఒక్క మాటా అననేదు. కానీ ఆ అచ్చులో సేసింది ఒక్కటీ నోట పెట్టనేదు."

"ఒక్కసారి కూడానా?"

"ఒక్కసారి కూడా. వానొచ్చినప్పుడల్లా సేసేదాన్ని. ఈసారైనా తింటారేమో, ఈసారైనా నూకాలు అలాంటిది కాదనుకుంటారేమో అని ఏడేడిగా తెచ్చి ముందు పెట్టేదాన్ని. పళ్ళెం మెల్లగా నా వైపు జరిపేసేవారు. పిల్లలూ నేనూ తినేసేవాళ్ళం." పిన్ని తడి కొంగు పిండుకుంది. "మొన్న సంవత్సరీకానికి ఆయన ఫోటో ముందు అరటాకేసి, నిండా అయ్యే పెట్టినాను. ఇప్పుడెలా జరుపుతారు సూద్దాం అని."

పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. నేను ఏడ్చాను.